గునుగు గడ్డిజాతి మొక్కేనా? - నల్లగొండ, పాలమూరు మెట్టప్రాంతాల జానపద వృక్షవర్గీకరణ: ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
బతుకమ్మ పూలలో తంగేడుతో సమానస్థానం గల గునుగును "గడ్డిజాతి పువ్వు" అని తరచుగా పేర్కొంటారు. వృక్షశాస్త్రం ప్రకారం గునుగు గడ్డి కాదు. అయినా రైతు దానిని గడ్డి అనడం అజ్ఞానం కాదు. ఈ రెండు వర్గీకరణలకు ఆధారాలు వేరని, వాటిని కలిపివేస్తే జానపద పరిశోధనకు నష్టమని నిరూపించడం ఈ వ్యాసలక్ష్యం.

కీలకపదాలు: గునుగు, బతుకమ్మ, జానపద వర్గీకరణ, కలుపు, మెట్టసేద్యం.

1. ఉపోద్ఘాతం:
ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల ఎర్రచెల్కలలో తొలకరికి మొలిచి, భాద్రపద, ఆశ్వయుజ మాసాలలో వెండిరంగు కంకులు తొడిగే మొక్క గునుగు. జొన్న, కంది, ఆముదం, పత్తి చేలలోనూ, గట్లమీదా, బీళ్లలోనూ ఎవరూ విత్తకుండానే పెరుగుతుంది. భాద్రపద అమావాస్యనాటి ఎంగిలిపూల బతుకమ్మ మొదలు దుర్గాష్టమినాటి సద్దుల బతుకమ్మ వరకు వరుసలుగా పేర్చే పూలలో దీనిది ప్రధానస్థానం. 2014లో తెలంగాణ ప్రభుత్వం బతుకమ్మను రాష్ట్రపండుగగా, తంగేడును రాష్ట్రపుష్పంగా ప్రకటించింది. గునుగుకు మాత్రం "గడ్డిపువ్వు" అన్న పేరే మిగిలింది. ఆ పేరులోని "గడ్డి" శబ్దానికి అర్థమేమిటన్నది ఇక్కడ ప్రశ్న.

2. వృక్షశాస్త్ర దృష్టి:
గునుగు శాస్త్రీయనామం సెలోషియా అర్జెంటియా. 1753లో లిన్నేయస్ ఈ పేరు పెట్టాడు. లాటిన్‌లో "అర్జెంటియా" అంటే వెండివంటిది. ఇది తోటకూర, ఉత్తరేణి, పొన్నగంటికూరలు చేరిన అమరాంథేసీ కుటుంబానికి చెందినది. తోటలలో పెంచే సీతజడ దీనికి అతిసమీప బంధువు. గడ్డి మొక్కలన్నీ పోయేసీ కుటుంబానికి చెందిన ఏకదళబీజాలు. వాటికి పీచువేళ్లు, సమాంతరమైన ఈనెలు, కాండాన్ని చుట్టి ఉండే ఆకుతొడుగులు ఉంటాయి. గునుగు ద్విదళబీజం. దానికి తల్లివేరు, వలవంటి ఈనెల అల్లిక ఉంటాయి, ఆకుతొడుగు ఉండదు. కంకి ఆకారం సజ్జకంకిని తలపించినా నిర్మాణం వేరు. గునుగుకంకిలోని ప్రతి చిన్నపువ్వుకూ అయిదు పరిపత్రాలు ఉంటాయి. కాయ మూత ఊడినట్లు అడ్డంగా తెరుచుకొని, నల్లని మెరిసే గింజలను రాలుస్తుంది.

పరిపత్రాలు పొరవలె పొడిగా ఉండటం బతుకమ్మ దృష్ట్యా ముఖ్యమైన లక్షణం. నీటిశాతం తక్కువ కనుక కోసిన తర్వాత ఈ పూలు వాడి ముడుచుకుపోవు. కాడలను సమంగా కత్తిరించి, కట్టలు కట్టి, కొనలను రంగునీళ్లలో ముంచి ఆరబెట్టే ఆచారం ఈ లక్షణం మీదనే నిలిచింది. మెత్తని రేకులుండే గుమ్మడిపువ్వుకు ఇది సాధ్యం కాదు.

3. జానపద వర్గీకరణ:
ప్రజల వాడుకలో "గడ్డి" అన్న మాట పోయేసీ కుటుంబానికి పరిమితం కాదు. వయ్యారిభామను "కాంగ్రెసు గడ్డి" అంటారు. అది చేమంతి కుటుంబపు మొక్క. గడ్డిచేమంతి కూడా ఆ కుటుంబానిదే. తుంగగడ్డిది సైపరేసీ కుటుంబం. చేనులో కలుపు తీయడాన్ని "గడ్డి తీయడం" అనీ, కలుపునాశినిని "గడ్డిమందు" అనీ వ్యవహరిస్తారు. ఈ ఉదాహరణలను బట్టి ఈ ప్రాంత వ్యవహారంలో "గడ్డి" అంటే "విత్తకుండా మొలిచిన, పైరుకు పోటీగా నిలిచే మెత్తని మొక్క" అనే అర్థం స్పష్టమవుతుంది. శాస్త్రజ్ఞుని వర్గీకరణకు మొక్క నిర్మాణం ఆధారం. రైతు వర్గీకరణకు పైరుతో ఆ మొక్కకున్న సంబంధం ఆధారం.

ఇది తెలుగుకే ప్రత్యేకం కాదు. సెసిల్ బ్రౌన్ 1984లో ప్రచురించిన "లాంగ్వేజ్ అండ్ లివింగ్ థింగ్స్" గ్రంథంలో అనేక భాషల వృక్షనామాలను పోల్చాడు. గడ్డినీ, ఇతర చిన్నమొక్కలనూ ఒకే మాటతో సూచించే భాషలు ఉన్నాయని అందులో చూపాడు.

4. కలుపు - కూర - పూజాద్రవ్యం:
ఒకే మొక్క ఆషాఢంలో కలుపు, లేతగా ఉన్నప్పుడు కూర, ఆశ్వయుజంలో పూజాద్రవ్యం. నైజీరియాలో యొరుబా ప్రజలు దీనినే "సోకో" అనే ఆకుకూరగా సాగుచేస్తారు. మన మెట్టసేద్యంలో చేతితో కలుపు తీసినప్పుడు గట్లమీదా, చేను అంచులలోనూ కొంత గునుగు మిగిలేది. ఆ మిగులే పండుగకు ఆధారం.

శాస్త్రభేదం ఆచరణలో ప్రాధాన్యం పొందేది ఇక్కడే. పత్తిచేలలో వాడే క్విజలోఫాప్ ఇథైల్ గడ్డిజాతి మొక్కలనే చంపుతుంది. గునుగుకు దానివల్ల ముప్పులేదు. వెడల్పాకు కలుపుమీద పనిచేసే పైరిథియోబాక్ సోడియం ముప్పు గునుగు వర్గానికే. రెండింటికీ వాడుకలో పేరు "గడ్డిమందు" ఒక్కటే. గునుగు ఏకవార్షికం కనుక గింజ రాలకముందే చచ్చిన మొక్క మరుసటి ఏటికి విత్తనం మిగల్చదు. గట్లమీద కూడా మందు చల్లితే పొలానికీ పండుగకూ ఉన్న ఆ పాత లంకె తెగుతుంది.

5. ముగింపు:
"గునుగు గడ్డి" అన్న వాడుక జానపద వర్గంగా సరైనది. "గునుగు గడ్డిజాతికి చెందినది" అన్న శాస్త్రవాక్యం సరికాదు. బతుకమ్మపై రాసే పరిశోధకులు ప్రతి పువ్వుకూ స్థానికనామం, శాస్త్రీయనామం, సేద్యంలో దాని స్థానం అనే మూడింటినీ విడివిడిగా నమోదు చేయడం అవసరం. పాట పాఠాంతరాలను సేకరించినంత శ్రద్ధగా పువ్వు పెరిగే చోటును కూడా నమోదు చేయాలి. గునుగు లేని చెల్కలో బతుకమ్మ పాట నిలవవచ్చు. ఆ పాటకూ ఆ నేలకూ ఉన్న సంబంధం మాత్రం నిలవదు.