ఆటోమేటిక్ పికప్ గేరు ఆయిల్: ఇంటివద్ద మార్చుకొనేవారికి

పికప్ వాహనపు ఆటోమేటిక్ గేరుబాక్సులో ఆయిల్‌ను ఇంటివద్దే మార్చుకొనేవారు వాహనాన్ని సమతలమైన నేలపై నిలిపి, చక్రాలకు అడ్డుదిమ్మలు పెట్టాలి. పైకెత్తవలసి వస్తే జాకీ ఒక్కదానినే నమ్మి కిందికి దూరరాదు. దృఢమైన స్టాండ్లు ఉండి తీరాలి.

డ్రెయిన్ బోల్టు విప్పగానే ఆయిల్ అంతా దిగిపోదు. టార్క్ కన్వర్టరులోను, కూలర్ గొట్టాలలోను చాలా భాగం నిలిచిపోతుంది. ఇది తెలియక మాన్యువల్‌లో ఉన్న మొత్తం పరిమాణాన్ని పోస్తే మట్టం మించి ఆయిల్ నురుగెత్తుతుంది, గేర్లు జారుతాయి. అందువల్ల దిగినదానిని కొలిచి, అంతే పోయాలి. అదీ తయారీదారు సూచించిన రకమే. ఇంజను ఆయిల్ దీనికి పనికిరాదు. అనేక వాహనాలలో చివరి మట్టాన్ని ఇంజను నడుస్తుండగా, నిర్ణీత ఉష్ణోగ్రత వద్ద చూడాలి. ఇంటి పనిలో అసలు చిక్కు ఇక్కడే. ఆ వసతి లేనివారు మెకానిక్కుకు అప్పగించడమే మేలు.

తీసిన ఆయిల్ 2016 నాటి నియమావళి ప్రకారం ప్రమాదకర వ్యర్థం. బెంగళూరు రాజకాలువలు చెరువులకే చేరుతాయి గనుక కాలువలో పోయరాదు. మూత బిగించిన డబ్బాలో, వాడిన ఆయిల్‌ను అధీకృత సేకరణదారులకు పంపే వర్క్‌షాపుకు అందజేయాలి. నీళ్ల సీసాలలో మాత్రం నింపి ఉంచరాదు. ఎర్రని ఈ ద్రవాన్ని పిల్లలు షర్బత్ అనుకోగలరు.