14 కోర్ల సర్వర్ పీసీయా, 4 కోర్ల కొత్త పీసీయా?



పోయిన నెల పేరెంట్స్ మీటింగ్ రోజు తొమ్మిదో తరగతి అమ్మాయి నాన్నగారు ఒకరు, మార్కుల సంగతి మాట్లాడటం అయిపోయాక, ఫోన్ తీసి రెండు కొటేషన్లు చూపించారు. రెండింటి మొత్తం ఇంచుమించు ఒకటే. మొదటిది కొత్త ఇంటెల్ కోర్ ఐ3-12100, 8 జీబీ ర్యామ్. రెండోది సెకండ్ హ్యాండ్ ఇంటెల్ జియాన్ ఈ5-2680 వి4, 32 జీబీ ర్యామ్, ఒక పాత గ్రాఫిక్స్ కార్డు. "సార్, ఒకదాంట్లో 4 కోర్లు, ఇంకోదాంట్లో 14. ర్యామ్ నాలుగింతలు. ఇందులో ఆలోచించడానికి ఏముంది?" అన్నారు.

ఐ3 తీసుకోండి, ర్యామ్ మాత్రం 16 జీబీ చేయించండి అని చెప్పాను. ఆయన తల ఊపారు గానీ నమ్మినట్టు అనిపించలేదు. 14 కన్నా 4 మేలని కారిడార్‌లో నిలబడి ఐదు నిమిషాల్లో ఎవరినైనా ఒప్పించడం కష్టమే. ఈ మధ్య ఇలాంటి కొటేషన్లు ఇంకో ముగ్గురు, నలుగురు తల్లిదండ్రుల దగ్గరా చూశాను కాబట్టి, ఆ రోజు చెప్పలేకపోయింది ఇక్కడ తీరిగ్గా చెబుతున్నాను.

ముందు ఆ జియాన్ గురించి. అది నాసిరకం సరుకు కాదు. 2016లో వచ్చినప్పుడు ఆ ఒక్క చిప్ ధర 1,700 డాలర్ల పైమాటే. బ్యాంకులు, డేటా సెంటర్లు, సినిమా గ్రాఫిక్స్ స్టూడియోల కోసం చేసిన ప్రాసెసర్. ఒకే బోర్డు మీద ఇలాంటివి రెండు పెట్టి నడపవచ్చు. ర్యామ్‌లో చిన్న పొరపాటు వస్తే దానంతట అదే సరిదిద్దుకునే ఏర్పాటు ఉంది. వందల మంది ఒకేసారి లాగిన్ అయినా, నెలల తరబడి ఆపకుండా నడిచినా తట్టుకోవడం దాని పని. ఐ3-12100 సంగతి చూస్తే, 2022 జనవరిలో 130 డాలర్ల లోపు ధరతో వచ్చింది.

1,700 డాలర్ల వస్తువు ఇంత చౌకగా ఎలా దొరుకుతోంది? డేటా సెంటర్లు కొన్నేళ్లకొకసారి సర్వర్లను మార్చేస్తాయి. పాతవి పాడై కాదు. అదే పనిని కొత్తవి తక్కువ కరెంటుతో, తక్కువ చోటులో చేసేస్తాయని. అలా తీసేసిన ప్రాసెసర్లు గుట్టలుగా మార్కెట్‌కి వస్తాయి. వాటిని కొని కొత్త బోర్డుకు బిగించి "సర్వర్ పీసీ", "వర్క్‌స్టేషన్" అని అమ్ముతారు. అందులో మోసం లేదు. 14 కోర్లు అంటే నిజంగా 14 ఉంటాయి.

చిక్కు ఆ కోర్లు చేసే పనిలో ఉంది. ఫంక్షన్ హాల్ వంటశాలలో 14 పొయ్యిలు ఉంటాయనుకుందాం. 500 మందికి భోజనాలు పెట్టాలంటే అవన్నీ కావాలి. అదే ఇంట్లో నలుగురికి పప్పు కుక్కర్ పెట్టాలంటే? ఒక పొయ్యి మీద పెడతాం, మిగతా 13 చల్లగా ఉంటాయి. ఒక్క కుక్కర్‌ని 14 పొయ్యిల మీద పంచలేం. పైగా ఆ పొయ్యి మంట మన ఇంటి స్టవ్ మంట కంటే చిన్నదైతే పప్పు ఇంకా ఆలస్యంగా ఉడుకుతుంది.

ఇక్కడ మంట నిజంగానే చిన్నది. ఈ జియాన్‌లో ఒక కోర్ గరిష్ఠ వేగం 3.3 గిగాహెర్ట్జ్, ఐ3లో 4.3. అదొక్కటే కాదు. రెండింటి మధ్య ఆరేళ్ల తేడా ఉంది కాబట్టి కొత్త కోర్ ఒక్కో గిగాహెర్ట్జ్‌కి ఎక్కువ పని చేస్తుంది. కోర్‌కి కోర్ పోల్చి చూసే పరీక్షల్లో ఐ3 వేగం ఒకటిన్నర రెట్ల పైనే ఉంటుంది. లెక్క సులువుగా ఉండటానికి ఒకటిన్నర అనే అనుకుందాం.

ఇప్పుడు కాగితం మీద ఒక చిన్న లెక్క వేద్దాం. జియాన్ ఒక్క కోర్ మీద 60 నిమిషాలు పట్టే పని ఉంది. అందులో సగం మాత్రమే కోర్ల మధ్య పంచగలం. మిగతా సగంలో ఒకటి అయ్యాకే ఇంకొకటి మొదలవ్వాలి. జియాన్ మీద పంచలేని భాగానికి 30 నిమిషాలు, పంచే భాగానికి 30ని 14తో భాగిస్తే రెండు నిమిషాల పైన కొంచెం. మొత్తం 32 నిమిషాలు. ఐ3 మీద అదే పని ఒక్క కోర్‌కి 40 నిమిషాలే. పంచలేని సగం 20, పంచే సగం 20ని 4తో భాగిస్తే 5. మొత్తం 25 నిమిషాలు. పది కోర్లు తక్కువున్నది ఏడు నిమిషాలు ముందే ముగించింది.

అదే 60 నిమిషాల్లో 57 నిమిషాల పనిని పంచగలిగితే? జియాన్‌కి 3, దానికి 4 కలిపి దాదాపు 7 నిమిషాలు. ఐ3కి 2, దానికి తొమ్మిదిన్నర కలిపి పదకొండున్నర. ఈసారి జియాన్‌దే గెలుపు, అదీ బాగా తేడాతో. పంచలేని భాగమే మొత్తం వేగానికి పగ్గం వేస్తుందన్న ఈ సంగతిని జీన్ ఆమ్డాల్ అనే కంప్యూటర్ ఇంజనీర్ 1967లోనే చెప్పారు. పదో తరగతి పిల్లలకు భిన్నాలు వచ్చు కాబట్టి ఈ లెక్క మీ పిల్లల చేతే వేయించండి. మా ల్యాబ్‌లో వేయిస్తే వాళ్లు మనకంటే తొందరగా పట్టుకున్నారు.

కాబట్టి అసలు ప్రశ్న, మీ ఇంట్లో కంప్యూటర్ చేసే పని ఎలాంటిది అన్నది. ఆన్‌లైన్ క్లాసు, బ్రౌజర్‌లో పది ట్యాబులు, స్క్రాచ్, వర్డ్, పీపీటీ. ఇంటర్ వయసుకి వస్తే జేఈఈ మాక్ టెస్టులు, పైథాన్, మైఎస్‌క్యూఎల్. వీటిలో ఎక్కువ భాగం ఒకటి రెండు కోర్ల మీదే నడుస్తాయి. పిల్లలు మామూలుగా రాసే పైథాన్ ప్రోగ్రామ్ ఒక్క కోర్ మీదే నడుస్తుంది. మిగతా 13 కోర్లు చూస్తూ కూర్చుంటాయి. ఆటలు కూడా అంతే, 14 కోర్లు ఉన్నాయని ఆట సాఫీగా నడవదు. (ఆటల మాట మనం ఎత్తకపోయినా వాళ్లు ఎత్తుతారు.)

ఇది మీ ఇంట్లో ఉన్న కంప్యూటర్ మీదే చూసుకోవచ్చు. మీ అబ్బాయో అమ్మాయో రోజూ చేసే పని చేస్తుండగా కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో పర్ఫార్మెన్స్, సీపీయూ దగ్గర గ్రాఫ్ మీద రైట్ క్లిక్ చేసి లాజికల్ ప్రాసెసర్లు చూపించమనండి. కోర్లు విడివిడిగా కనిపిస్తాయి. అన్నీ కలిసి పైకి లేస్తున్నాయా, ఒకటి రెండే కష్టపడుతున్నాయా తెలిసిపోతుంది. అక్కడే డిస్క్ గ్రాఫ్ ఎప్పుడూ 100 శాతం దగ్గర ఉంటే మీకు కొత్త ప్రాసెసర్ అవసరమే ఉండకపోవచ్చు. పాత హార్డ్ డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డీ వేయించి చూడండి. నా దగ్గరకి "సిస్టమ్ చాలా స్లో సార్" అని వచ్చినవాళ్లలో చాలామంది సమస్య అక్కడితో తీరిపోయింది.

ఇంతవరకూ ప్రాసెసర్ ఒక్కదాని మాట. మనం కొనేది పెట్టె మొత్తాన్ని. నా అనుభవంలో అసలు దెబ్బ తగిలేది అక్కడే.

ఈ జియాన్‌లో లోపల గ్రాఫిక్స్ లేదు. విడిగా కార్డు పెట్టకపోతే మానిటర్ మీద బొమ్మే రాదు. కొటేషన్‌లో ఆ పాత కార్డు ఉన్నది అందుకే, అది ఉచితంగా వచ్చిన లాభం కాదు. ఐ3-12100లో గ్రాఫిక్స్ లోపలే ఉంది, చదువుకి, వీడియోలకి సరిపోతుంది. ఒక్క జాగ్రత్త. చివర ఎఫ్ అనే అక్షరం ఉన్న 12100ఎఫ్‌లో గ్రాఫిక్స్ ఉండదు. ధర కొంచెం తక్కువ కాబట్టి అదే రాసి ఇచ్చే అవకాశం ఉంది. ఆ అక్షరం కోసం కొటేషన్ రెండుసార్లు చదవండి.

ర్యామ్ 32 జీబీ అన్నది కూడా చూసినంత గొప్ప కాదు. ఈ పెట్టెల్లో సాధారణంగా వేసేది సర్వర్ల నుంచి తీసిన రిజిస్టర్డ్ ర్యామ్. పని బాగానే చేస్తుంది. కానీ రేపు బోర్డు పోతే దాన్ని తీసి మామూలు డెస్క్‌టాప్ బోర్డులో పెట్టలేం.

బోర్డు పోతుందా? నాది పోయింది. మూడేళ్ల కిందట నేనూ ఇదే మోజులో ఇలాంటి పెట్టె ఒకటి కొన్నాను. పధ్నాలుగో నెలలో ఒక ఆదివారం ఆన్ చేస్తే ఫ్యాన్లు తిరిగాయి, తెర మీద ఏమీ రాలేదు. ప్రాసెసర్ బాగానే ఉంది, పోయింది బోర్డు. అమ్మినాయన షాపు వారంటీ ఆరు నెలలే. అలాంటి బోర్డు కోసం సికింద్రాబాద్ సీటీసీలో ఒక మధ్యాహ్నం అంతా తిరిగాను. ఐ3కి సరిపోయే బోర్డులు అడిగిన ప్రతి చోటా ఉన్నాయి, నాకు కావలసింది దొరకలేదు. ఆ 32 జీబీ ర్యామ్ ఇప్పటికీ మా ఇంట్లో డ్రాయర్‌లోనే ఉంది. ఈ పాత జియాన్‌లకు వాడే బోర్డుల్లో కొన్ని, పాత బోర్డుల నుంచి తీసిన చిప్‌సెట్‌తో చేసినవి. వాటికి బయాస్ అప్‌డేట్లు ఎవరిస్తారో, రిపేరు ఎవరు చేస్తారో కొనేముందే అడగాలి. నేను అడగలేదు.

విండోస్ సంగతి ఇంకొకటి. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ ఉచిత సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11కి మైక్రోసాఫ్ట్ ఒప్పుకునే ప్రాసెసర్ల జాబితాలో ఈ5-2680 వి4 లేదు, ఐ3-12100 ఉంది. "మేం ఎక్కించి ఇస్తాం సార్" అంటారు, ఎక్కించడం సాధ్యమే. కానీ అలా ఎక్కించినదానికి అప్‌డేట్లు వస్తాయన్న హామీ మైక్రోసాఫ్ట్ ఇవ్వదు. పిల్లలు పరీక్షలు రాసే, మీరు బ్యాంకు పనులు చూసుకునే కంప్యూటర్‌లో ఆ రాజీ నాకు ఇష్టం లేదు. లినక్స్ వాడే ఇల్లయితే ఈ అభ్యంతరం ఉండదు.

కరెంటు మాట క్లుప్తంగా చెబుతాను. కంపెనీ లెక్క ప్రకారం జియాన్ 120 వాట్ల ప్రాసెసర్, ఐ3 60 వాట్లది. పైన గ్రాఫిక్స్ కార్డు అదనం. రెండు పెట్టెల మధ్య తేడా 60 వాట్లు అనుకుని రోజుకి 5 గంటలు వాడితే నెలకి 9 యూనిట్లు. పెద్ద మొత్తం కాదు, శ్లాబ్ గీత దగ్గర ఊగిసలాడే ఇళ్లకు మాత్రం తెలుస్తుంది. నన్ను అడిగితే అంతకన్నా ముఖ్యం యూపీఎస్. మాక్ టెస్ట్ మధ్యలో కరెంటు పోతే అదే యూపీఎస్ మీద ఐ3 ఎక్కువసేపు నిలబడుతుంది.

ఇంత చెప్పాక కూడా, అదే వారం ఇంకో అమ్మగారికి జియాన్ తీసుకోండి అనే చెప్పాను. వాళ్ల అబ్బాయి ఇంటర్ మొదటి ఏడాది. రెండేళ్లుగా బ్లెండర్‌లో త్రీడీ బొమ్మలు చేస్తున్నాడు, ఒక్కో రెండర్‌కి రాత్రంతా పెట్టి పడుకుంటున్నాడు. రెండరింగ్ పైన చెప్పిన 57 నిమిషాల రకం పని. బొమ్మను ముక్కలు చేసి కోర్లన్నిటికీ పంచేస్తుంది. చదువుకి వాళ్లింట్లో వేరే ల్యాప్‌టాప్ ఉంది, కుర్రాడు లినక్స్ వాడతాడు, పెట్టె విప్పి బిగించడమూ వచ్చు. ఇన్ని కలిసొస్తే పాత జియాన్ మంచి బేరమే. ఒకే కంప్యూటర్‌లో నాలుగైదు వర్చువల్ మెషీన్లు పెట్టి నెట్‌వర్కింగ్ నేర్చుకునే ఇంజనీరింగ్ పిల్లలకూ అంతే.

తొమ్మిదో తరగతి అమ్మాయి నాన్నగారు మొన్న మళ్లీ ఫోన్ చేశారు. ఐ3-12100కి 8 జీబీ స్టిక్కులు రెండు వేయించి, 512 జీబీ ఎస్‌ఎస్‌డీతో తీసుకున్నారట. ఒక్క 16 జీబీ స్టిక్కు కాకుండా రెండు ఎనిమిదులు వేయించడం మంచి పని. లోపలి గ్రాఫిక్స్‌కి అలా అయితేనే ఊపిరి ఆడుతుంది. మీ దగ్గరలో 12100 దొరక్కపోతే దాని తర్వాత వచ్చిన ఐ3-14100, లేదా ఏఎమ్‌డీ రైజెన్ 5 5600జీ చూడవచ్చు. రెండింటిలోనూ గ్రాఫిక్స్ లోపలే ఉంటుంది. 5600జీలో 6 కోర్లు కాబట్టి ఇంట్లో వీడియో ఎడిటింగ్ చేసే పిల్లలుంటే నేను అటే మొగ్గుతాను.

కొటేషన్ తీసుకునేటప్పుడు ప్రాసెసర్ పూర్తి నంబరు, బోర్డు కంపెనీ పేరు, మోడల్, ఏ భాగానికి ఎన్నాళ్ల వారంటీ, అది కంపెనీదా షాపుదా అన్నవి కాగితం మీద రాయించండి. "ఐ7, 16 జీబీ" అని మాత్రమే రాసి ఉంటే ఆ ఐ7 2012 నాటిదైనా కావచ్చు. డబ్బు కట్టేముందు ఆ కాగితం ఫొటో తీసి మీ అమ్మాయి లేదా అబ్బాయి డైరీలో పెట్టి పంపితే, కంప్యూటర్ ల్యాబ్‌లో చూసి మర్నాడు జవాబు రాసి పంపుతాం.