తెరమీది సమావేశములు: ఏ పనికి ఏ పద్ధతి?

వర్తకునితో మాట్లాడవలెనంటే మూట కట్టుకొని రైలెక్కుట తప్ప మన పెద్దలకు వేరు దారి లేదు. నేడు ఎన్నూరులోని ఇంటి వసారాలో కూర్చుండి, లండనులోని కొనుగోలుదారునకు చీర చెంగు చూపవచ్చును. సంఘ సమావేశమునకు రాలేనివారు ఇంటినుండియే ఫోనులో చేరవచ్చును. సౌకర్యము గొప్పదే. అయినను, “మీటింగు పెట్టినాము, రెండు గంటలు గడచినవి, బేరము మాత్రము కుదరలేదు” అను మాట తరచు వినుచున్నాము. లోపము ఫోనులో లేదు. దుప్పటికి వేయు అచ్చుతో జరీచీర నేయము గదా! అట్లే ఏ పనికి ఏ విధమైన సమావేశము తగునో ముందు తేల్చుకొనవలెను.

ఈ పద్ధతి మన వృత్తిలోనికి వచ్చి కొన్నేండ్లయినది. 2015 ఆగస్టు 7న మొదటి జాతీయ చేనేత దినోత్సవము చెన్నైలోనే, మద్రాసు విశ్వవిద్యాలయ శతాబ్ది భవనములో, నిండు సభగా జరిగినది. 2020లో కరోనా కారణముగా అదే దినోత్సవము వీడియో ద్వారా జరుపవలసి వచ్చినది. చెన్నైలో 1965లో ఏర్పడిన చేనేత ఎగుమతి ప్రోత్సాహక మండలి ఆ ఆగస్టు 7, 10, 11 తేదీలలో వస్త్ర ప్రదర్శననే తెరమీద నడిపినది. నానా ప్రాంతములనుండి 150 మందికి పైగా పాల్గొని తమ సరుకు చూపినారు.

దూరమునుండి గుడ్డ చూపుట ఇంకను పాత సంగతి. 1866లో ఫోర్బ్స్ వాట్సన్ అను దొర మన దేశపు గుడ్డల మచ్చులు 700 కత్తిరించి, 18 సంపుటములుగా అంటించి, అట్టివి 20 జతలు చేయించినాడు. అందు 13 జతలు బ్రిటనుకు, 7 జతలు మన దేశమునకు. ఇక్కడివారు ఎట్టి గుడ్డ కట్టుదురో అక్కడి మిల్లులవారికి తెలుపుట దాని ముఖ్యోద్దేశము. ఇందు మనకు రెండు పాఠములు కలవు. గుడ్డ వ్రేళ్లకు తగిలిననే కొనువానికి నమ్మకము కలుగును. మచ్చు పరుల చేతికి పోయినచోట నకలు కూడ పుట్టవచ్చును. తెరమీది వ్యాపారమునకు ఈ రెండును వర్తించును.

ఏ పనికి ఏది?

కొనుగోలుదారునకు సరుకు చూపుటకు పెద్ద సభ పనికిరాదు. పదిమంది అమ్మకందార్లు ఒకే తెరమీద వరుసగా మాట్లాడినచో ఎవరి గుడ్డయు గుర్తుండదు. ఒక్కొక్కరికి ఇరువది నిమిషముల చొప్పున విడివిడిగా మాట్లాడు ఏర్పాటు మేలు. వారము ముందుగా మచ్చులు తపాలాలో పంపి, వానికి నంబర్లు వేసి, అవే నంబర్లు మన దగ్గరి గుడ్డలకును వేయవలెను. తెరమీద రంగు ఉన్నదున్నట్లు కనబడదు. మైలుతుత్తము నీలముగను, కుంకుమ ఎరుపుగను తోచవచ్చును. కావున రంగు నిర్ణయము మచ్చును బట్టియే జరుగవలెను. పగటి వెలుతురులో, గుడ్డ ప్రక్క స్కేలు ఉంచి, ముందు వైపును వెనుక వైపును చూపుడు. మనకు మధ్యాహ్నము 3 గంటలైనపుడు లండనులో చలికాలమున ఉదయము 9-30, వేసవిలో 10-30. న్యూయార్కువారికి ఉదయము 9 గంటలకు కుదురవలెనన్న మనకు చలికాలమున రాత్రి 7-30, వేసవిలో సాయంత్రము 6-30 అగును.

మగ్గము చూపుటకు ప్రత్యక్ష ప్రసారము చక్కగా పనిచేయును. ఇది చేతినేత అని కొనువాడు కన్నులార చూచును. అయితే ఒకరు నేయుచుండగా వేరొకరు ఫోను పట్టుకొనవలెను. మగ్గపు చప్పుడులో మాట వినబడదు. కొంతసేపు నేసి చూపి, మగ్గము ఆపి, అపుడు ప్రశ్నలకు బదులు చెప్పవలెను.

క్రొత్త రంగు, క్రొత్త పరికరము వంటివి నేర్పుటకు గంటసేపు ఉపన్యాసము వలదు. చేసి చూపు భాగమును ముందే పది నిమిషముల వీడియోగా తీసి వాట్సాపులో పంపుడు. ఎవరి తీరికనుబట్టి వారు రెండుమూడు మార్లు చూతురు. సమావేశ కాలమంతయు సందేహములకే ఉంచుడు.

కూలి రేట్లు, వాటాలు, తగవులు ఇట్టివానికి ఎదురెదురుగా కూర్చుండుటయే ఉత్తమము. మాట వెనుకనున్న ముఖము చూడనిదే రాజీ కుదరదు. ఫోనులోనివారి ఓటు చెల్లునో చెల్లదో ముందుగా సంఘ నిబంధనలు చూచుకొనవలెను.

జమిలి సమావేశము

కొందరు హాలులో, కొందరు ఫోనులో ఉండు సమావేశమును జమిలి సమావేశమందము. జమిలి నూలు సంగతి మన వారికి చెప్పనక్కరలేదు. రెండు పోగులలో ఒకటి బిగిసి ఒకటి వదులైనచో ఉచ్చులు పడును. సభకును అంతే.

మేము చూచిన ఒక జమిలి సమావేశములో హాలులోనివారు తమలో తాము మాట్లాడుకొని నవ్వుకొనుచుండిరి. ఫోనులోనివారికి ఏమియు అర్థము కాలేదు. ఇంట కండెలు చుట్టు ఒక అమ్మ మూడుమార్లు చేయి ఎత్తినది. తెరవంక చూచినవారే లేరు. ఆ రంగు నూలు ఉతుకులో దిగుచున్నదని ఆమె చెప్పదలచినది. సభ ముగిసిన పిమ్మట సంగతి తెలిసినది గాని, అప్పటికే ఆ నూలుకు ఆర్డరు పోయినది.

అందుచేత హాలులో ఒకరిని కేవలము ఫోనులోనివారి పక్షమున కూర్చుండబెట్టవలెను. వారి ప్రశ్నలను పైకి చదువుట, వారు చేయి ఎత్తినపుడు అధ్యక్షునికి తెలుపుట ఆ మనిషి పని. ప్రతి విషయముపైనను మొదటి మాట ఫోనులోనివారికే ఇవ్వవలెను. హాలులో ఒక్క మైకు మాత్రమే తెరచి ఉంచుడు. నాలుగు ఫోన్లు తెరచినచో కూత పుట్టి ఎవరి మాటయు వినబడదు. మన చెన్నై ఇండ్లలో తెలుగు మాట్లాడుచు, బడిలో తమిళము చదివిన పిల్లలు ఎందరో కలరు. వారిని తెలుగులోనే వ్రాసి అడుగుమనుట తగదు. నోటిమాట రికార్డు చేసి పంపినను అంగీకరింపవలెను.

ఎన్నూరు వంటి చోట ఈ ఏర్పాటు వేడుకకు కాదు. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను నాడు ఇండ్ల చుట్టు నీరు నిలిచినది, కొసస్తలైయారు ముఖద్వారమున నూనెతెట్టు వ్యాపించినది. అట్టి దినములలో గడప దాటుటయే కష్టము. వానలు లేని రోజున కూడ వంటయు పసిపిల్లలును వదలి హాలుకు రాలేని ఆడవారు మన ఇండ్లలో ఉన్నారు. నూలు గుణము చేతివ్రేళ్లతో ఎరిగినవారు వారే. వారి మాట సభకు చేరుటయే ఈ పద్ధతివలన మనకు కలుగు మొదటి లాభము.

ఒక జాగ్రత్త

తెరమీద చూపిన నమూనాను ఎవరైనను క్షణములో ఫోటో తీసికొనవచ్చును. మరమగ్గముపై నకలు నేయుటకు అది చాలును. 2000 సంవత్సరపు డిజైన్ల చట్టము క్రింద క్రొత్త నమూనాను రిజిష్టరు చేయించుకొన్నచో 10 ఏండ్లు, పొడిగించినచో మరి 5 ఏండ్లు రక్షణ కలదు. కాని దరఖాస్తు పెట్టకముందే లోకమునకు వెల్లడించిన నమూనాకు సాధారణముగా ఆ రక్షణ దొరకదు. కావున ముందు దరఖాస్తు, పిదప ప్రదర్శన. బహిరంగ ప్రదర్శనలో పాత నమూనాలు చూపి, క్రొత్తవానిని నమ్మకమైన కొనుగోలుదారునకు విడిగా చూపుట మంచిది.

ఈసారి సమావేశమునకు కబురు పంపుటకు ముందు మూడు ప్రశ్నలు వేసికొనుడు. ఈ సభ దేనికి: అమ్ముటకా, చూపుటకా, నేర్పుటకా, నిర్ణయించుటకా? దూరముననున్నవారి చేతిలో ముందుగా ఏమి ఉండవలెను? వారు మాట్లాడదలచినపుడు వినువారెవరు? ఈ మూడింటికి సమాధానము దొరికిన పిదపనే తేదీ నిర్ణయింపుడు.