కరకరలాడే ఓదార్పు

ఇషా నమాజు ముగించుకుని ఇంటికి చేరాక విద్యార్థుల నోటు పుస్తకాలు ముందు వేసుకుని కూర్చోవడం నా దినచర్య. మా ఇల్లు విశాఖపట్నం పాతనగరంలో, ఓడరేవుకు సమీపంలో ఉంది. కిటికీ తెరిస్తే ఓడల కూత వినిపిస్తుంది. రెండేళ్ళ క్రితం మా అబ్బాయి ఫిట్టరు పని మీద సౌదీ అరేబియాలోని జుబైల్‌కు వెళ్ళాడు. అక్కడి సమయం మనకంటే రెండున్నర గంటలు వెనుక. అతడు డ్యూటీ దిగి, వండుకుని తిని, ఫోను చేసేసరికి మనకు రాత్రి పదిన్నర దాటుతుంది. ఇషాకూ ఆ ఫోనుకూ మధ్యనున్న రెండు గంటల్లోనే నాకొక అలవాటు అంటుకుంది. అదే బంగాళాదుంప చిప్సు.

ప్రియ పాఠకులారా! ఇతరుల లోపాలను గురించి వ్రాయడం సులభం. ఈ వ్యాసం మాత్రం నా లోపంతోనే మొదలుపెడుతున్నాను.

నేను తిన్నవి మామూలు చిప్సు కావు. నా రక్తంలో కొవ్వు కాస్త హెచ్చుగా ఉందనీ, వేపుళ్ళు తగ్గించాలనీ వైద్యుడు చెప్పారు. అందుచేత ‘కొవ్వు 30 శాతం తక్కువ’ అని ముందువైపు పెద్ద అక్షరాలతో వ్రాసి ఉన్న ప్యాకెట్లను వెతికి తెచ్చుకునేవాణ్ణి. ఒకరోజు మసాలా రుచి, మరొకరోజు టమాటా రుచి. మా శ్రీమతి ఒకసారి, “ఏమండీ, వేపుళ్ళు మానమన్నారు కదా!” అని గుర్తుచేసింది. “ఇందులో కొవ్వు తక్కువ” అని నేను ప్యాకెట్టు త్రిప్పి చూపించాను. ఆమె మరి మాట్లాడలేదు.

కొన్ని నెలల తరువాత ఒక రాత్రి ఏడేళ్ళ మా మనవడు నా ప్రక్కన చేరి, ప్యాకెట్టులో చేయి పెట్టాడు. “అన్నం తినకుండా ఇవేమిటి బేటా?” అన్నాను. వాడు ఏమాత్రం తడుముకోకుండా, “ఏం కాదు దాదా, ఇందులో కొవ్వు తక్కువ” అన్నాడు. ముప్పై ఏళ్ళుగా పిల్లలకు పాఠాలు చెబుతున్నవాణ్ణి. నేను నేర్పని పాఠాన్ని కూడా పిల్లలు ఎంత చక్కగా నేర్చుకుంటారో ఆ రాత్రి తెలిసింది. మరునాడు ఆ ప్యాకెట్టును వెనుకవైపు త్రిప్పి, మొదటిసారిగా శ్రద్ధగా చదివాను.

ముందువైపు మాట, వెనుకవైపు లెక్క

బంగాళాదుంపలో ఐదింట నాలుగు వంతులు నీరే. పలుచని ముక్కను మరిగే నూనెలో వేస్తే ఆ నీరు ఆవిరై పోతుంది. ఆ ఖాళీలలోకి నూనె చేరుతుంది. అందువల్ల మామూలు చిప్సులో ప్రతి 100 గ్రాములకు సుమారు 33 నుండి 35 గ్రాముల కొవ్వు ఉంటుంది. అంటే మూడింట ఒక వంతు నూనె. ముక్కను మందంగా కోయడం, వేయించాక పైన అంటిన నూనెను తొలగించడం వంటి పద్ధతులతో దీనిని తగ్గిస్తారు. 30 శాతం తగ్గించినా 100 గ్రాములలో ఇంకా 23 నుండి 25 గ్రాముల కొవ్వు మిగిలే ఉంటుంది.

ఇక్కడ రెండు మాటల మధ్య తేడాను గ్రహించాలి. మన దేశపు ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2018లో చేసిన నిబంధనల ప్రకారం, ఒక ఘనాహారాన్ని ‘తక్కువ కొవ్వు ఆహారం’ అనాలంటే 100 గ్రాములకు 3 గ్రాములకు మించి కొవ్వు ఉండరాదు. ‘ఫలానా దానికంటే ఇంత శాతం తగ్గించినది’ అనాలంటే మాత్రం ఆ పోల్చిన పదార్థం కంటే కనీసం 25 శాతం తగ్గితే చాలు. ఈ రెండవ మాట అబద్ధం కాదు. అయితే అది పోలిక మాత్రమే. ఎంతో హెచ్చుగా ఉన్నదానిలో కొంత తగ్గినా, మిగిలినది హెచ్చే. నేను తిన్న చిప్సులో కొవ్వు, ‘తక్కువ కొవ్వు’ హద్దుకు దాదాపు ఎనిమిది రెట్లు.

ఇక నా లెక్క వినండి. పూర్వం ఎప్పుడైనా మామూలు చిప్సు కొంటే, భయపడి సగం ప్యాకెట్టుతో, అంటే 25 గ్రాములతో ఆపేవాణ్ణి. అందులో కొవ్వు ఎనిమిదిన్నర గ్రాములు. కొవ్వు తగ్గించినవి దొరికాక, నిశ్చింతగా 50 గ్రాముల ప్యాకెట్టంతా ఖాళీ చేయసాగాను. అందులో కొవ్వు 12 గ్రాములు! ‘తక్కువ’ అనే మాటను నమ్మి నేను ఎక్కువ తిన్నాను. తప్పు ప్యాకెట్టుది కాదు, నాది. అదొక అనుమతి పత్రమని భావించాను.

కొవ్వు తగ్గినంత మాత్రాన ఉప్పు తగ్గదు. మసాలా చల్లిన చిప్సులో సాధారణంగా 100 గ్రాములకు 500 నుండి 800 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది. పెద్దలు రోజుకు 5 గ్రాముల కంటే తక్కువ ఉప్పు తినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. సోడియం లెక్కలో అది 2,000 మిల్లీగ్రాములు. ఒక్క ప్యాకెట్టు ఆ హద్దును దాటించదు, నిజమే. కాని మన ఇళ్ళలో ఆవకాయ ఉంది, ఎండుచేపలున్నాయి, అప్పడాలున్నాయి. వీటన్నిటి మీద ప్రతి రాత్రీ ఆ ప్యాకెట్టు అదనం. మళ్ళీ పరీక్షకు వెళ్ళినప్పుడు రక్తపోటు పెరిగి ఉంది. వైద్యుడు ఈసారి నూనె గురించి కాక, “మౌలానా గారూ, ఉప్పు ఎక్కడి నుండి వస్తోంది?” అని అడిగారు. నా దగ్గర సమాధానం ఉంది, చెప్పడానికే సిగ్గు వేసింది.

631 గురించి అడిగేవారు

మా మదరసా ఎదుటి దుకాణంలో ఈ ప్యాకెట్లు దండల్లా వ్రేలాడుతూ ఉంటాయి. విద్యార్థులు తరచూ ఒక ప్రశ్న వేస్తారు: “హజ్రత్, ప్యాకెట్టు మీద 631 అని ఉంటే హరామట కదా?” ఫోన్లలో తిరిగే సందేశాల ప్రభావమది. 631 అనేది రుచిని పెంచే ఒక పదార్థానికి సంకేత సంఖ్య. దానిని మాంసం, చేపల నుండీ చేయవచ్చు, వృక్షసంబంధమైన పిండిపదార్థాలను పులియబెట్టీ చేయవచ్చు. సంఖ్య ఒక్కటే మూలాన్ని చెప్పదు. మన దేశంలో తయారైన ప్యాకెట్టు మీద ఆకుపచ్చ చతురస్రంలో ఆకుపచ్చ చుక్క ఉంటే, పాలు, పాల పదార్థాలు వంటి కొన్ని తప్ప జంతుసంబంధమైనవేవీ అందులో లేవని తయారీదారు ప్రకటించినట్లు. గల్ఫ్ నుండి బంధువులు తెచ్చే ప్యాకెట్ల మీద ఆ చుక్క ఉండదు కాబట్టి హలాల్ ధ్రువీకరణ ముద్రను చూసుకోవాలి. సందేహం తీరకపోతే తెలిసిన ఆలిమ్‌ను అడగాలి. విన్న వార్తను నిర్ధారించుకోకుండా వ్యాపింపజేయరాదన్నది హుజురాత్ సూరా మనకు నేర్పే మర్యాద.

ఈ జాగరూకత మెచ్చుకోదగినదే. కాని 631ని వెతికే కళ్ళు ఆ ప్రక్కనే ఉన్న సోడియం వరుసను ఎందుకు చూడవు? అల్ బఖరా సూరా 168వ ఆయతులో భూమిపైనున్న వాటిలో ధర్మసమ్మతమైనవాటినీ, పరిశుద్ధమైన మంచివాటినీ తినమని అల్లాహ్ ఆదేశించాడు. అక్కడ హలాల్ అనే మాటతో పాటు తయ్యిబ్ అనే మాట కూడా ఉంది. అల్ ఆరాఫ్ సూరా 31వ ఆయతులో తినడానికీ త్రాగడానికీ అనుమతిస్తూనే మితిమీరవద్దని హెచ్చరించాడు. మొదటి ప్రశ్నకు సమాధానం దొరకగానే మనం చదవడం ఆపేస్తున్నాం.

చేయి ఎందుకు ఆగదు?

2019లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలలో ఒక ప్రయోగం జరిగింది. 20 మందికి రెండు వారాలు ఫ్యాక్టరీలలో అతిగా శుద్ధిచేసి తయారైన ఆహారాన్నీ, మరో రెండు వారాలు సహజమైన వంటలనూ ఇచ్చారు. రెండింటిలోనూ కొవ్వు, చక్కెర, ఉప్పు, పీచు ఇంచుమించు సమానంగా ఉండేట్లు వడ్డించి, ఇష్టమైనంత తినమన్నారు. ఫ్యాక్టరీ ఆహారం తిన్న రోజులలో వారు రోజుకు సుమారు 500 క్యాలరీలు అదనంగా తిన్నారు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ రూపొందించగా 2024లో వెలువడిన ఆహార మార్గదర్శకాలు కూడా కొవ్వు, చక్కెర, ఉప్పు హెచ్చుగా ఉన్న పదార్థాలనూ, అతిగా శుద్ధిచేసినవాటినీ పరిమితం చేయమని సూచించాయి. నోట్లో కరకరలాడి క్షణంలో కరిగిపోయేదానికి, ‘ఇక చాలు’ అని కడుపు చెప్పేలోపే ప్యాకెట్టు అడుగు కనిపిస్తుంది.

అయితే ఆకలి ఒక్కటే కారణమని నేను అనుకోను. గాజువాక నుండి వచ్చే మా విద్యార్థి ఒకరి తండ్రి ఉక్కు కర్మాగారంలో రాత్రి షిఫ్టు చేస్తారు. 2021 జనవరిలో కర్మాగారంలో పెట్టుబడుల ఉపసంహరణకు కేంద్ర మంత్రివర్గ సంఘం ఆమోదం తెలిపిన నాటి నుండి అటువైపు ఇళ్ళలో రేపటి గురించిన చింత తరచూ వినిపిస్తుంది. ఆయన సంచిలో కూడా ఇవే ప్యాకెట్లు చూసి అడిగాను. “నిద్ర రాకుండా ఉండడానికి టీ ఉంది హజ్రత్. ఇవి దిగులు వేసినప్పుడు” అన్నారు. నాకు మరో వివరణ అవసరం లేకపోయింది. నేను తింటున్నదీ ఆకలితో కాదు. ఫోను మ్రోగే వరకు గడియారాన్ని చూడలేక తింటున్నాను. తండ్రిని తలచుకుంటూ మా మనవడు నా ప్రక్కన చేరిందీ అందుకే. వాడు అడగలేనిదానికి బదులుగా నేను వాడికి ప్యాకెట్టు జరిపాను.

తల్‌బీనా నేర్పే పాఠం

దుఃఖంలో, దిగులులో ఆహారం వలన ఊరట పొందడం తప్పా? కాదు. మన ధర్మం మానవ స్వభావాన్ని తిరస్కరించదు. హజ్రత్ ఆయిషా (రజి) ఇంటివారిలో ఎవరైనా మరణించినప్పుడు, వచ్చిన స్త్రీలు వెళ్ళిపోయి కుటుంబీకులు, ఆప్తులు మిగిలాక, ఆమె ఒక కుండలో తల్‌బీనా వండించి వారిచేత తినిపించేవారని సహీహ్ బుఖారీలో ఉంది. తల్‌బీనా అంటే యవల పిండితో చేసే పలుచని జావ. అది రోగి హృదయానికి ఊరటనిస్తుందనీ, దుఃఖాన్ని కొంత తొలగిస్తుందనీ దైవప్రవక్త (స) చెప్పగా తాను విన్నానని ఆమె తెలియజేశారు. ‘కొంత’ అనే మాటను గమనించండి. ఆహారం దుఃఖాన్నంతా తీర్చగలదని ఆయన (స) చెప్పలేదు.

మూతా యుద్ధంలో హజ్రత్ జాఫర్ (రజి) అమరులైన వార్త వచ్చినప్పుడు కూడా, వారి కుటుంబం కోసం భోజనం సిద్ధం చేయమని ప్రవక్త (స) ఆదేశించారు. ఈ రెండు సందర్భాలలోనూ ఒకరు వండారు, మరొకరు తిన్నారు. దుఃఖించేవాడు ఒంటరిగా ఒక మూల కూర్చుని ప్యాకెట్టు చింపుకోలేదు. నేను పోగొట్టుకున్నది ఇదే. మా ఇంట్లో నలుగురమూ ఒకే ఫోను కోసం ఎదురుచూస్తున్నాం, నాలుగు గదులలో విడివిడిగా. మా శ్రీమతి వంటగదిలో, కోడలు తన గదిలో, నేను చిప్సుతో.

మా ఇంటి మార్పు

ఇప్పుడు ఇషా తరువాత అందరమూ ఒకేచోట కూర్చుంటున్నాం. మన విశాఖ సముద్రతీరంలో అమ్మే మురీ మిక్చరు మా మనవడికి ప్రాణం. మరమరాలు, ఉల్లిపాయ, టమాటా, కొత్తిమీర, కొద్దిగా వేయించిన వేరుశెనగ గుళ్ళు వేసి, నిమ్మకాయ పిండి, వాడే కలుపుతాడు. ఉప్పు మా కోడలు చిటికెడే వేస్తుంది. కొన్ని రోజులు ఉడకబెట్టిన వేరుశెనగ కాయలు, శీతకాలంలో తేగలు, ఎవరికైనా ఒంట్లో బాగా లేకపోతే మన ఉత్తరాంధ్ర చోడి అంబలి. చిప్సును మేము హరాం చేయలేదు. అల్లాహ్ నిషేధించనిదానిని నిషేధించే అధికారం మనకు లేదు. పండుగకో ప్రయాణానికో ఒక ప్యాకెట్టు కొంటే, పళ్ళెంలో పోసి అందరమూ పంచుకుంటాం.

పాఠక సోదర సోదరీమణులు కొన్ని సంగతులు గుర్తుంచుకోవాలని మనవి. ప్యాకెట్టు ముందువైపు మాట కంటే ముందు వెనుకవైపు పట్టికను చదవండి. అందులో ‘ఒక వడ్డింపు’ ఎన్ని గ్రాములో చూడండి, అది తరచూ ప్యాకెట్టులో సగమో అంతకంటే తక్కువో ఉంటుంది. కొవ్వుతో పాటు సోడియం వరుసను కూడా చదవండి. ప్యాకెట్టు నుండి నేరుగా తినకండి. ముఖ్యంగా, పిల్లవాడు వేళకాని వేళ ప్యాకెట్టు అడిగితే, ఇచ్చేముందు ఒక నిమిషం వాడి ప్రక్కన కూర్చుని, వాడికి నిజంగా ఏమి కావాలో అడగండి.

నా రక్తపోటు మందు ఇంకా కొనసాగుతూనే ఉంది. అబ్బాయి ఫోను ఇప్పటికీ పదిన్నరకే వస్తుంది. ఒక్కోరాత్రి పని ఎక్కువై రాదు కూడా. వచ్చిన రోజున మా మనవడు ముందుగా మరమరాల గిన్నెను ఫోనుకు చూపించి, “అబ్బా, ఇవాళ నేనే కలిపాను!” అంటాడు. అటువైపు నుండి వాడి తండ్రి, “నాకు దాచి ఉంచు బేటా” అంటాడు.

దూరాన ఉన్న మన బిడ్డలను అల్లాహ్ క్షేమంగా ఉంచుగాక! ధర్మసమ్మతమైన, పరిశుద్ధమైన ఆహారాన్ని మితంగా, కలిసి తినే భాగ్యాన్ని మన ఇళ్ళకు ప్రసాదించుగాక! ఆమీన్.