మత్తు మరిగిన వానరము

మిర్యాలగూడ మిల్లుల ముంగిట ఆరబోసిన వడ్లపైనను, సూర్యాపేట డాబాలపైనను, కోదాడ చుట్టుపట్ల తోటలలోను మందలు మందలుగా వచ్చి పడుచున్న కోతులను తరుమలేక కొండముచ్చును తెచ్చి కాపు పెట్టుకొనువారు కలరు గాని, ఆ కోతి జాతిలోని యొక శాఖ ఎయిడ్స్ వ్యాధికిని మాదకద్రవ్య వ్యసనమునకును గల పొత్తును మానవునకు తేటపరచినదని యెరిగినవారు అరుదు. ఆ శాఖ రీసస్. గోదావరికి ఉత్తరమున మెలగు ఈ పొట్టితోక కోతి ఇటీవలి దశాబ్దములలో దక్షిణమునకు దిగి, మన సీమకు సహజమైన పొడుగుతోక బానెట్ కోతిని దాని తావులనుండి త్రోసివేయుచున్నదని జీవశాస్త్రజ్ఞులు వ్రాయుచున్నారు. కాబట్టి మన గోడ దూకినది ఏ జాతిదో తోక చూచి చెప్పవలసియున్నది.

మనుష్యుని హెచ్.ఐ.వి. రీసస్‌కు రోగము తేలేదు. 1985లో అమెరికాలోని బోను కోతులలో కనుగొనబడిన ఎస్.ఐ.వి. అను దాని జ్ఞాతి, ఆఫ్రికా కోతులలో సాధారణముగ హాని చేయక కాపురముండి, ఆసియా కోతులకు సోకినచో ఎయిడ్స్‌ను పోలిన రోగమును పుట్టించును; అందును భారతీయ సంతతి రీసస్‌లో ఆ రోగము మనుష్యుని రోగమునకు మిక్కిలి సన్నిహితముగ నడచును, చైనా సంతతిలో నెమ్మదించును. చిత్రమేమనగా, 1978లో మొరార్జీ దేశాయి ప్రభుత్వము రీసస్ కోతుల ఎగుమతిని నిషేధించినది. నేడు అమెరికా ప్రయోగశాలలలో భారతీయములనబడునవి అంతకుముందు దేశము దాటిపోయినవాని సంతానము. 1938లోనే క్లారెన్స్ కార్పెంటర్ అను శాస్త్రజ్ఞుడు మనదేశమునుండి కొనిపోయిన నాలుగు వందలకు పైబడిన రీసస్‌లను ప్యూర్టో రికో చెంతనున్న కేయో సాంటియాగో దీవిలో విడిచిపెట్టెను.

ఆ ప్యూర్టో రికోలోనే, పోన్సే వైద్యకళాశాలకు చెందిన అనిల్ కుమార్ బృందము ఆరు రీసస్‌లకు దినమునకు మూడుమార్లు నల్లమందు జాతి మత్తగు మార్ఫిన్ సూదులిచ్చి, వానిని వ్యసనమునకు లోబరచి, మత్తెరుగని మరియారింటితోపాటు ఎస్.ఐ.వి. జాతి వైరస్ నెక్కించి, ఫలితములను 2004లో ప్రకటించెను. రెండు వర్గములలోను రోగనిరోధశక్తికి ఆధారమగు సి.డి.4 కణములు కూలినవి. తొలి ఉధృతిలో రక్తములోని వైరస్ ఇంచుమించు సమానమే. పిమ్మట దేహము వైరస్‌ను అణచి యొక మట్టమున నిలుపు తరుణమున భేదము పొడసూపెను. మత్తు మరిగినవానిలో ఆ మట్టము ఎత్తున నిలిచినది. మెదడును వెన్నుపామును తడుపు ద్రవములో వైరస్ మరింత ప్రబలినది.

కథ ఇంతటితో ముగిసియుండినచో నాకు వ్రాయ బుద్ధి పుట్టియుండదు. రాబర్ట్ డొనహో బృందము 2009లో ప్రకటించిన దీర్ఘకాల పరిశీలనలో, నియమము తప్పక నల్లమందు జాతి మత్తు అందిన కోతులలో రోగము నెమ్మదిగా సాగినట్లు కానవచ్చెను! వైరస్ రకములు వేరు, పద్ధతులు వేరు అని సమాధానపడవచ్చును. డొనహో మాత్రము కీలకము మత్తులో గాక దాని ఎడబాటులో నున్నదని తలచెను: అలవాటుపడిన దేహమునకు మోతాదు సమముగా అందునంతకాలము రోగనిరోధశక్తి యొక నిలకడకు వచ్చును, హఠాత్తుగా ఆగినప్పుడు కలతపడును. నాకు ఈ మాటయే యెక్కువ విలువగలదిగ తోచుచున్నది. ఏలయన వీధిలో మత్తుకు దాసుడైనవానికి దొరకిననాడు దొరకును, దొరకనినాడు లేదు, ప్రయోగశాల కోతికున్న వేళాపాళలు వానికి లేవు.

తెలుగునాట హెచ్.ఐ.వి. ప్రధానముగ స్త్రీపురుష సంపర్కమువలన ప్రాకినది. సూదుల మూలమున ప్రాకుట మణిపురము, మిజోరము, పంజాబులలో అధికము. హైదరాబాదు-విజయవాడ రహదారిపై సూర్యాపేట, కోదాడల మీదుగా తరలుచు పోలీసులకు పట్టుబడునది ఎక్కువగా గంజాయి, సూదిమందు కాదు. అయినను ఎడబాటు ఎంతపని చేయునో తెలంగాణము 2015 సెప్టెంబరులో కన్నులార చూచినది: అధికారుల దాడులతో కల్తీకల్లు ఒక్కసారిగా ఆగినంతనే వణకువారు, మూర్ఛిల్లువారు, మతిచలించినవారు ఆసుపత్రులకు వరుసగట్టిరి. ఆ కల్లులో కలుపు అల్ప్రాజోలం, డైజిపాం అను నిద్రమందులు మార్ఫిన్ జాతివి కావు గాని, ఎడబాటు దెబ్బ వానికిని కలదు. దాడి చేసి కుండలు పగులగొట్టిన అధికారులు, త్రాగినవాని గతి యేమని ముందుగా వైద్యుని అడిగియుండవలసినది.

బ్యూప్రెనార్ఫిన్ మాత్రను నాలుక క్రింద నుంచి, నల్లమందు జాతి వ్యసనమును క్రమమైన మోతాదుతో నిలకడపరచు చికిత్స మనదేశమున నున్నది. 2004 ఏప్రిలు నుండి ప్రభుత్వము హెచ్.ఐ.వి. మందులను ఉచితముగ నిచ్చుచున్నది. రెండును దినదినము తప్పక వాడినగాని పనిచేయవు. కావున రెండు బాధలును గలవానిని ఒక మందుకు ఒక యూరికి, రెండవదానికి మరియొక యూరికి త్రిప్పక, సూర్యాపేటవంటి జిల్లా కేంద్రపు ఆసుపత్రిలో ఒకే కిటికీ వద్ద, ఒకే చీటీపై రెండును ఇప్పించుట కష్టమైన కార్యము కాదు.