మీకు తెలుసా? భూగోళం పాఠంలో ఎన్ని వింతలో!

మే నెల ఎండకి సొమ్మసిల్లిపోతూ, సూర్యుడు దగ్గరికొచ్చేశాడని అనుకుంటాం కదూ? కానే కాదు! భూమి సూర్యుడికి బాగా దగ్గరయ్యేది జనవరి మొదట్లో! మనం సంక్రాంతి ముందు దుప్పటి ముసుగుతన్ని పడుకునే రోజుల్లో! జులై మొదటి వారంతో పోలిస్తే అప్పుడు సూర్యుడు 50 లక్షల కిలోమీటర్లు దగ్గర! మరి చలెందుకు? భూమి ఓ పక్కకి ఒరిగి తిరుగుతోంది కాబట్టి! రుతువుల్ని మార్చేది దూరం కాదు, ఆ ఒరుగే!

అట్లాస్ తియ్యండి. నాసిక్ దగ్గర త్ర్యంబకేశ్వరం మీద వేలు పెట్టండి. గోదావరి పుట్టేది అక్కడే! ఇప్పుడు పడమటికి చూడండి. అరేబియా సముద్రం ఎంత దూరం? సుమారు 80 కిలోమీటర్లే! అయినా గోదారమ్మ అటు తొంగి చూడదు! దక్కన్ పీఠభూమి తూర్పుకి వాలి ఉంది మరి. ఆ వాలు పట్టుకుని బాసర, భద్రాచలం, రాజమండ్రి మీదుగా 1,465 కిలోమీటర్లు వచ్చి బంగాళాఖాతంలో కలుస్తుంది!

ఆ నీళ్ల సంగతి సరే. దాదాపు అదే దిక్కున ఒకప్పుడు నిప్పు పారిందని తెలుసా? రాజమండ్రి పక్కనే కాటేరు, గోదారి దాటితే పంగిడి. అక్కడి నల్లరాతి క్వారీలు చూశారా? ఆ రాయంతా చల్లారిన లావా! ఎక్కడో పడమటి కనుమల వైపు నేల చీలి పైకొచ్చింది. పాత నదీ లోయల్లో పడి 1,000 కిలోమీటర్లకు పైగా పారింది. ఇక్కడికొచ్చి గడ్డకట్టింది! భూమ్మీద ఇంత దూరం పారిన లావా మరొకటి లేకపోవచ్చని భూగర్భ శాస్త్రవేత్తల అంచనా. మనూళ్ల రోడ్డు మీద పరిచే కంకరకి ఇంత చరిత్ర! ఇంకో వింత చెప్పనా? ఆ లావా పొరల మధ్య సున్నపురాయి ఉంది. అందులో నత్తగుల్లల శిలాజాలు దొరికాయి!

గుల్లల మాటొచ్చింది కాబట్టి ఇదీ వినండి. ఎవరెస్టు కొన మీదున్న రాయి ఏమిటి? సున్నపురాయే! సముద్రం అడుగున పేరుకున్నదే! ఇప్పుడు 8,848.86 మీటర్ల ఎత్తున మంచు కింద ఉంది! పర్వతారోహకులు పతాకం పాతుతున్నది ఒకనాటి సముద్రపు నేల మీద!

తిరుమల ఎన్నిసార్లు వెళ్లుంటారు? ఘాట్ రోడ్డు కోసం కొండని తొలిచిన చోట ఎప్పుడైనా గమనించారా? కింద గ్రానైటు. పైన పొరలు పొరలుగా క్వార్ట్‌జైటు. రెండిటి మధ్యా ఒక గీత! ఆ గీతకి కింది రాయి ఒక యుగానిది, పైది ఇంకో యుగానిది. మధ్యలో కనీసం 50 కోట్ల ఏళ్లు మాయం! ఆ కాలపు రాయి ఒక్క పొర కూడా అక్కడ లేదు! దేశదేశాల భూగర్భ శాస్త్రవేత్తలు చూడాలనుకునే గీత అది. ఈసారి కిటికీ సీటు వదలకండి!

ప్రపంచంలో అతి పెద్ద ఎడారి ఏది? సహారా అన్నారా? తప్పు! అంటార్కిటికా! వైశాల్యం సుమారు 1.4 కోట్ల చదరపు కిలోమీటర్లు!

అలాగని సహారాని తక్కువ చెయ్యకండి. దాని దుమ్ము అట్లాంటిక్ మహాసముద్రం దాటి అమెజాన్ అడవికి ఎరువేస్తుంది! ఏటా సుమారు 22,000 టన్నుల భాస్వరం గాల్లోనే వెళ్లి పడుతుంది. మన రైతు బస్తాల్లో కొనే భాస్వరమే! అక్కడ పైసా ఖర్చు లేదు!

తెల్లగా తేలిపోయే మబ్బు తేలికని ఎవరన్నారు? కిలోమీటరు పొడవు, అంతే వెడల్పు, అంతే ఎత్తు ఉన్న మబ్బులో సుమారు 500 టన్నుల నీళ్లుంటాయి! మరి కింద పడదేం? చుక్కలు మహా సన్నం! పైకి లేచే గాలే వాటిని మోసేస్తుంది!

ఇక చిరపుంజి! 1860 ఆగస్టు నుంచి 1861 జులై దాకా అక్కడ పడిన వాన 26 మీటర్ల పైమాటే! పారిపోకుండా నిలిస్తే ఎనిమిదంతస్తుల మేడ మునిగేది! అంత వాన కురిసే ఊళ్లో చలికాలం వస్తే తాగునీటికి కటకట. నీళ్లన్నీ లోయల్లోకి జారిపోతాయి!

వాన కొలవడానికి పెద్ద పాత్ర కావాలా? అక్కర్లేదు! గోడలు నిటారుగా ఉన్న డబ్బా చాలు. మూతి చిన్నదైనా పెద్దదైనా నీటి మట్టం ఒక్కటే! 1 మిల్లీమీటరు వానంటే చదరపు మీటరుకి సరిగ్గా ఒక లీటరు! మరి మీ బడి డాబా మీద ఎన్ని లీటర్లు పడుతున్నాయి? టీచర్లూ, ఈ వానాకాలం పిల్లల చేత ఆరుబయట ఒక డబ్బా పెట్టించండి. స్కేలు ఇచ్చి కొలిపించండి. మన వాతావరణ శాఖ రోజూ ఉదయం ఎనిమిదిన్నరకే లెక్క తీస్తుంది. మీరూ ఆ వేళకే తియ్యండి!