కారు గుద్దుకుంటే దేశానికో తీరు

చెన్నై నుంచి కోల్‌కతా పోయే 16వ నంబరు జాతీయ రహదారి పెదపాడు మండలంలోంచే సాగుతుంది. కలపర్రు టోల్‌గేటు దగ్గర కాసేపు నిలబడితే తమిళనాడు లారీలు, ఒడిశా ట్రైలర్లు, కొల్లేరు చేపల్ని ఐసులో పేర్చుకుని బెంగాల్, అస్సాం వైపు పోయే వ్యాన్లు, పూజ కోసం ద్వారకా తిరుమల దారి పట్టిన కొత్త కార్లు అన్నీ కనిపిస్తాయి. ఇన్ని బండ్లు తిరిగే చోట ప్రమాదాలూ తప్పవు. ప్రమాదం తరవాత మనుషులు ఏం చేస్తారన్నది మాత్రం ఒక్కో దేశంలో ఒక్కో రకం. ఒక దేశం బండిని ఎక్కువ చూసుకుంటుందా, మనిషినా అన్నది ఆ మొదటి గంటలోనే తెలిసిపోతుంది.

పెద్ద బండిదే తప్పు

మన ఊళ్లలో రెండు బండ్లు గుద్దుకుంటే పోగైన జనం ముందు తేల్చేసే మాట ‘పెద్ద బండిదే తప్పు’. సైకిలుకూ మోటార్‌సైకిలుకూ గొడవైతే మోటార్‌సైకిలుది, మోటార్‌సైకిలుకూ కారుకూ అయితే కారుది, కారుకూ లారీకీ అయితే లారీది. దీన్ని మోటు న్యాయమని తీసిపారేసేవాళ్లున్నారు. నేను తీసిపారేయను. ఎందుకంటే నెదర్లాండ్స్‌లో చట్టమే ఇంచుమించు ఇలా ఉంది. అక్కడి రోడ్డు రవాణా చట్టం 185వ అధికరణం ప్రకారం, కారు వెళ్లి సైకిలు మీద పోయేవాళ్లనో నడిచిపోయేవాళ్లనో గుద్దితే నష్టపరిహారం బాధ్యత కారు యజమానిదే. తన చేతిలో లేని కారణం వల్ల జరిగిందని నిరూపించుకోవాల్సిన బరువూ ఆయనదే. దెబ్బ తగిలింది పద్నాలుగేళ్లలోపు పిల్లలకైతే, తప్పు పిల్లలదని వాదించి గట్టెక్కడం దాదాపు కుదరదు. వెయ్యి కిలోల ఇనుముతో రోడ్డెక్కినవాడే ఎక్కువ జాగ్రత్త పడాలని వాళ్ల లెక్క.

మన చట్టంలోనూ ఈ ఛాయ ఉంది. మోటారు వాహనాల చట్టం 164వ సెక్షన్ కింద, తప్పెవరిదో తేల్చకుండానే, ప్రాణం పోతే 5 లక్షలు, తీవ్రంగా గాయపడితే రెండున్నర లక్షల పరిహారం ఇవ్వాలి. గుద్దిన బండి ఏదో అసలు దొరక్కపోతే ప్రభుత్వ పథకం కింద 2022 ఏప్రిల్ 1 నుంచి మృతుల కుటుంబానికి 2 లక్షలు, తీవ్ర గాయాలైతే 50 వేలు. అంతకు ముందు ఇవి 25 వేలు, పన్నెండున్నర వేలు మాత్రమే. ఈ సంగతి తెలియక అర్జీ పెట్టుకోని కుటుంబాలు ఎన్నో.

చట్టంలో మూక కోపం

మన మోటారు వాహనాల చట్టంలోని 134వ సెక్షన్ చదివితే ఒకచోట ఆగిపోతాం. ప్రమాదం జరిగితే డ్రైవరు గాయపడినవాళ్లకు వైద్యం అందేలా చూడాలి అంటూనే, జనం ఆగ్రహం వల్ల అది సాధ్యంకాని పరిస్థితి ఉంటే తప్ప అని మినహాయింపు రాసిపెట్టారు. డ్రైవర్ని జనం కొడతారన్న సంగతిని పార్లమెంటు ముందే ఊహించి చట్టంలోకి ఎక్కించిందన్నమాట. కొట్టినందువల్ల పడి ఉన్న మనిషికి ఒరిగేదేమీ లేదు. ఆ మనిషిని అందరికన్నా త్వరగా ఆసుపత్రికి చేర్చగలిగిన బండి, దాని డ్రైవరూ అక్కణ్నుంచి మాయమవుతారు, అంతే.

2024 జనవరి మొదటివారంలో హైదరాబాద్ పెట్రోలు బంకుల ముందు బారులు తీరిన బండ్లు గుర్తున్నాయా? దాని వెనక ఉన్నది ఈ గొడవే. గుద్ది పోలీసులకు చెప్పకుండా పారిపోతే పదేళ్ల దాకా జైలు అని కొత్త శిక్షాస్మృతి భారతీయ న్యాయ సంహిత 106(2)లో రాశారు. ఆగితే జనం కొడతారు, ఆగకపోతే పదేళ్లు జైలా అని లారీ, ట్యాంకర్ డ్రైవర్లు సమ్మెకు దిగారు. 2024 జులై 1న కొత్త చట్టం అమల్లోకి వచ్చినప్పుడు ఆ ఒక్క భాగాన్ని పక్కన పెట్టారు.

కాగితం, పెన్ను, రెండు సంతకాలు

ఫ్రాన్సులో కారు డ్యాష్‌బోర్డు అరలో ఒక ఫారం ఉంటుంది. చిన్నపాటి గుద్దుడు జరిగితే ఇద్దరు డ్రైవర్లూ దిగి, ఒకే ఫారాన్ని కలిసి నింపుతారు. ‘మలుపు తిరుగుతున్నాను’, ‘వెనక్కి వస్తున్నాను’ లాంటి 17 గళ్లలో తమకు వర్తించేవాటికి టిక్కు పెడతారు. రోడ్డు బొమ్మ గీసి ఏ కారు ఎటు పోతోందో బాణాలతో చూపిస్తారు. కింద ఇద్దరూ సంతకం పెడతారు. చెరో ప్రతి ఇన్సూరెన్సుకు పోతుంది. ఎవరూ గాయపడకపోతే పోలీసులతో పనే లేదు. యూరప్‌లో చాలా దేశాల్లో ఈ ఫారం ఒకే నమూనాలో ఉంటుంది కాబట్టి ఫ్రెంచివాడూ ఇటలీవాడూ గుద్దుకున్నా, ఒకరి భాష ఒకరికి రాకపోయినా పని జరిగిపోతుంది.

దుబాయ్‌లో ఇందుకు పూర్తిగా ఎదురు. చిన్న సొట్టకైనా పోలీసు కాగితం కావాలి. అది లేకుండా దెబ్బతిన్న కారును ఏ షెడ్డువాడూ బాగుచేయకూడదు. తప్పు లేనివాడికి ఆకుపచ్చ కాగితం, తప్పు చేసినవాడికి ఎర్ర కాగితం. ఏలూరులోనో విజయవాడ ఆటోనగర్‌లోనో టింకరింగ్, పెయింటింగ్ చేయించుకుని ఏ కాగితమూ లేకుండా బయటపడటానికి అలవాటైన మనవాళ్లు అక్కడికి వెళ్లిన కొత్తలో ఈ కాగితం దగ్గరే తడబడతారు.

జపాన్‌లో తప్పంతా ఒకరి మీద వేయడం తక్కువ. డెబ్బై పాళ్లు నీది, ముప్పై పాళ్లు నాది అని ఇన్సూరెన్సు కంపెనీలు పంచుతాయి. పరిహారం కట్టేసినా, గుద్దినవాడు దెబ్బ తగిలినవారి ఇంటికి స్వయంగా వెళ్లి తల వంచి క్షమాపణ చెప్పడం అక్కడి మర్యాద. ఇక కారు కొనాలంటే దాన్ని పెట్టుకునే చోటు ఉందని ముందుగా పోలీసుల దగ్గర ధ్రువపత్రం తేవాలి. 1962 నుంచి ఇదే నియమం.

సింగపూర్‌లో కారు కొనడం ఇంకా కష్టం, పదేళ్లు కారు ఉంచుకునే హక్కునే వేలంలో కొనుక్కోవాలి. 1990 నుంచి ఇంతే. ఒక్కోసారి ఆ హక్కు ధర కారు ధరను మించిపోతుంది.

‘సారీ’ అనొచ్చా?

అమెరికాలో ఉన్న మన పిల్లలకు అక్కడ ముందుగా వెళ్లినవాళ్లు రెండు సంగతులు చెబుతారు. ఒకటి: పోలీసు ఆపితే కారు దిగొద్దు, చేతులు స్టీరింగు మీదే కనబడేలా ఉంచు. ఇక్కడ దిగి ఎదురెళ్లడం మర్యాద, అక్కడ అదే అనుమానం. రెండు: గుద్దుకున్నాక నోరు జారి ‘నాదే తప్పు’ అనొద్దు, రేపు కోర్టులో అదే నీ మెడకు చుట్టుకుంటుంది. కంగారులో వచ్చే ఒక మంచి మాట మనిషికి శిక్ష కాకూడదని కొన్నిచోట్ల చట్టాలు మార్చారు. కెనడాలోని ఒంటారియో 2009లో చేసిన చట్టం ప్రకారం క్షమాపణ చెప్పినంత మాత్రాన తప్పు ఒప్పుకున్నట్టు కాదు. ఈ చట్టం నాకు ఎంతో నచ్చింది.

దూరదేశంలో ప్రమాదం ప్రాణాల మీదికి వస్తే కాగితాలతో, కంపెనీలతో తలపడటం ఆ కుటుంబానికి మరో బాధ. అలాంటప్పుడు ఉత్తర అమెరికా తెలుగు సంఘం (తానా) వారి ‘టీమ్ స్క్వేర్’ వంటి తెలుగు బృందాలు ఆసుపత్రి నుంచి మృతదేహాన్ని ఊరికి పంపేదాకా తోడుంటున్నాయి. గీతం విశ్వవిద్యాలయ వ్యవస్థాపకుడు ఎం.వి.వి.ఎస్. మూర్తి కూడా 2018 అక్టోబరులో అమెరికాలోని అలాస్కాలో జరిగిన రోడ్డు ప్రమాదంలోనే కన్నుమూశారు.

ఎటువైపు నడపాలి

ఒకప్పుడు మన కోస్తా నుంచి ఓడలెక్కి వేలమంది వెళ్లిన బర్మాలో అందరూ ఎడమవైపే నడిపేవారు. 1970లో ప్రభుత్వం ఉన్నట్టుండి కుడికి మార్చింది. స్టీరింగు కుడివైపు ఉన్న కార్లు మాత్రం దశాబ్దాల పాటు అలాగే తిరిగాయి. ముందుపోయే బస్సును దాటాలంటే ఎదురుగా ఏమొస్తోందో డ్రైవరుకు కనిపించని స్థితి. స్వీడన్ 1967 సెప్టెంబరు 3 తెల్లవారుజామున ఇదే మార్పు చేసింది కానీ, ఏళ్ల తరబడి ప్రచారం చేసి మరీ చేసింది.

ఆ స్వీడన్ నుంచే మనందరి ప్రాణం కాపాడే పట్టీ వచ్చింది. వోల్వో ఇంజనీరు నిల్స్ బోలిన్ 1959లో మూడు చోట్ల బిగించే సీటు బెల్టును రూపొందిస్తే, ఆ కంపెనీ పేటెంటు హక్కును తన దగ్గరే కట్టేసుకోకుండా మిగతా కంపెనీలన్నీ వాడుకునేలా వదిలేసింది. ఇంత తేలిగ్గా దొరికే పట్టీని మనం పెట్టుకోం. ఎన్టీఆర్ ప్రచార వాహనం చైతన్యరథాన్ని ఊరూరా నడిపిన చేతులు ఆయన కొడుకు నందమూరి హరికృష్ణవి. హరికృష్ణకు డ్రైవింగు తెలియదని ఎవరూ అనలేరు. అలాంటి మనిషి 2018 ఆగస్టు 29న నల్లగొండ జిల్లాలో తానే నడుపుతున్న కారు బోల్తాపడి పోయారు. బెల్టు పెట్టుకోలేదని అప్పట్లో వార్తలొచ్చాయి. అంతకు నాలుగేళ్ల ముందు ఆయన పెద్దకొడుకు జానకిరామ్‌ను కూడా ఆ పాత నల్లగొండ జిల్లా రోడ్డే తీసుకుపోయింది.

నీళ్లలో పడితే

కొల్లేటి ఊళ్లలో రోడ్డంటే చాలాచోట్ల చేపల చెరువుల మధ్య గట్టే. అటు నీళ్లు, ఇటు నీళ్లు. చేపల బండ్ల నుంచి కారిన నీటితో తారు జారుతుంది. వరద వస్తే చిన్నఎడ్లగాడి దగ్గర ఏలూరు–కైకలూరు రోడ్డు మీదికే కొల్లేరు ఎక్కుతుంది. కాలవలోకో చెరువులోకో కారు పడిందన్న వార్త మనకు కొత్త కాదు, కాబట్టి ఇది ఇంట్లో అందరికీ తెలియాలి. కారు కొద్దిసేపు తేలుతుంది. ఆ కొద్దిసేపే మనది. బయటి నీటి ఒత్తిడికి తలుపు రాదు, దాంతో కుస్తీ పట్టొద్దు. ఫోను వెతకొద్దు. బెల్టు తీయాలి, పక్క అద్దం దించాలి, పిల్లల్ని ముందు తోసి బయటికి రావాలి. కరెంటు అద్దాలు కూడా మొదట్లో సాధారణంగా పనిచేస్తాయి. దిగకపోతే పక్క అద్దాన్నే మూల మీద కొట్టి పగలగొట్టాలి. ముందు అద్దాన్ని రెండు గాజు పొరల మధ్య ప్లాస్టిక్ పొర అంటించి తయారుచేస్తారు, అది పగిలినా ఊడిరాదు. కాలవల దేశమైన నెదర్లాండ్స్‌లో ఇందుకోసం చిన్న సుత్తిని డ్రైవరు చేతికందేలా పెట్టుకోవడం బాగా తెలిసిన జాగ్రత్త. మన దగ్గరా అలాంటివి కొన్ని వందల రూపాయలకే దొరుకుతున్నాయి.

గేదె, కుక్క, పిల్లి

బ్రిటన్‌లో 1988 నాటి చట్టం ప్రకారం గుర్రం, పశువు, గాడిద, కంచరగాడిద, గొర్రె, పంది, మేక, కుక్క వీటిలో దేన్ని గుద్దినా ఆగాలి. పేరు, చిరునామా ఇవ్వాలి, లేదంటే పోలీసులకు చెప్పాలి. జాబితాలో పిల్లి లేదు. మన దగ్గర రైతు గేదె పోతే అది ఆస్తి నష్టం కింద వస్తుంది, థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు నుంచి పరిహారం అడగొచ్చు. రోడ్డు మీద అప్పటికప్పుడు పెద్దమనుషులు తేల్చిన అయిదో పదో వేలకు తలూపే ముందు పాడి రైతు ఈ మాట గుర్తుంచుకోవాలి.

ఇంటి పనికి ధర

ప్రమాదంలో గృహిణి చనిపోతే ‘ఆమెకు సంపాదన లేదు కదా’ అని ఇన్సూరెన్సు కంపెనీ వాదించడం మామూలు. 2021 జనవరి 5న సుప్రీంకోర్టు ఆ వాదాన్ని ఒప్పుకోలేదు. వంట, పిల్లల పెంపకం, పెద్దల సేవ ఇవన్నీ విలువ కట్టాల్సిన పనులేనని ఆ కేసులో విడిగా తీర్పు రాసింది అప్పటి కృష్ణాజిల్లా పొన్నవరం నుంచి వచ్చిన జస్టిస్ ఎన్.వి. రమణ.

ఆగినవాళ్లకు రక్షణ

జర్మనీలో లైసెన్సు కావాలంటే ప్రథమ చికిత్స తరగతికి వెళ్లి రావాల్సిందే. ప్రమాదం చూసి, చేయగలిగీ సాయపడకుండా పోతే నేరం. ట్రాఫిక్ ఆగిపోగానే ఎడమ వరసవాళ్లు ఎడమకు, మిగతావాళ్లు కుడికి జరిగి మధ్యలో అంబులెన్సుకు దారి వదలాలి. ప్రమాదంలో పోయినవాళ్ల శవాలను ఫొటో తీసినా శిక్షే.

మన దగ్గర అంబులెన్సు కథలో గోదావరి జిల్లాల పాత్ర ఉంది. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన 108 సేవను స్థాపించింది భీమవరం ప్రాంతానికి చెందిన సత్యం రామలింగరాజు. తరవాత ఎన్నో రాష్ట్రాలు దాన్ని అందుకున్నాయి. జాతీయ రహదారి మీదైతే 1033కి కూడా ఫోన్ చేయవచ్చు. అయినా 2022 ఒక్క ఏడాదిలో దేశంలో రోడ్ల మీద 1,68,491 మంది పోయారు.

సాయం చేస్తే కేసులో ఇరుక్కుంటామన్న భయానికి ఇప్పుడు చట్టంలో చోటు లేదు. 2016 మార్చి 30న సుప్రీంకోర్టు, 2019 సవరణతో వచ్చిన 134ఏ సెక్షన్ సాయపడినవాళ్లకు రక్షణ ఇచ్చాయి. పేరు చెప్పమని పోలీసులు బలవంతం చేయకూడదు, సాక్షిగా ఉండమని ఒత్తిడి చేయకూడదు. ఆసుపత్రివాళ్లు డబ్బు కట్టమనకూడదు, కూర్చోబెట్టకూడదు. మొదటి గంటలో ఆసుపత్రికి చేర్చినవారికి కేంద్రం ఇచ్చే బహుమతిని 2025లో 5 వేల నుంచి 25 వేలకు పెంచారు. 2025 మే నుంచి గాయపడినవారికి ఏడు రోజుల దాకా లక్షన్నర వరకు నగదు లేకుండా వైద్యం చేసే పథకం కూడా వచ్చింది. సాయపడినవాళ్ల హక్కుల పట్టికను ప్రతి ఆసుపత్రీ ప్రవేశద్వారం దగ్గరో అందరికీ కనబడే చోటో స్థానిక భాషలో కూడా పెట్టాలని 2020 నాటి నిబంధన. ఈసారి ఏలూరులో ఏ ఆసుపత్రికి వెళ్లినా తెలుగులో ఆ బోర్డు ఉందేమో చూడండి. లేకపోతే ఎందుకు లేదని అడగండి.